కారు దొరికిన సాక్ష్యం

ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి పర్సిస్‌కి భక్తి తగ్గి బీపీ పెరిగేది. నారింజ రంగు జాకెట్టొకటి తగిలించుకుని, మాడు పగిలే టెక్సస్ ఎండలో పార్కింగ్ లాట్ మొదట్లో నిలబడి, వచ్చే కార్లకు చెయ్యూపుతూ దారి చూపించడం ఆమె పని. సంఘంలో దాన్ని పరిచర్య అనేవారు. ఇంటికొచ్చాక ఆమె దాన్ని వెట్టి అనేది.

మొదట ఒక పెద్ద బండి వచ్చేది. ఏడుగురు పట్టే ఆ బండిలో ఒక్కడే మనిషి. వెనకాలే అదే ఇంటి రెండో కారు. అందులో ఆయన భార్య, పక్క సీట్లో బెల్టు పెట్టించుకుని దర్జాగా కూర్చున్న బిర్యానీ ట్రే. కాసేపటికి వాళ్ళబ్బాయి మూడో కారులో దిగేవాడు. ముగ్గురూ ఒకే ఇంట్లోంచి, ఒకే దారిలో, ఒకే దేవుడి దగ్గరికి వచ్చినవాళ్ళే. అదేమిటని అడిగితే తలా ఒక కారణం. ఆయన పాటల ప్రాక్టీసుకి ముందు రావాలి. ఆవిడ అన్నం వార్చి రావాలి. అబ్బాయి ఆరాధన అయ్యీ అవకముందే స్నేహితుల దగ్గరికి పోవాలి. కారణాలకేం, ఒక్కోటి ఒక్కో బండి నిండా ఉండేవి.

ఫ్రిస్కోలోని ఈ తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలును ఆదివారం మధ్యాహ్నాలూ, స్త్రీల ప్రార్థనకని బుధవారం పొద్దుటి పూటలూ అద్దెకు తీసుకుని వాడుకుంటున్నారు. ఆ ఏడాది వేసవిలో ఆ చర్చివాళ్ళు పార్కింగ్ లాట్‌లో సగాన్ని కంచె వేసి, పిల్లల కోసం కొత్త భవనం మొదలుపెట్టారు. లాట్ సగమైంది గాని మనవాళ్ళ కార్లు సగం కాలేదు. మిగిలినవన్నీ పక్క వీధుల్లోకి పారాయి. ఒకరి గరాజ్‌కి అడ్డంగా, ఇంకొకరి పోస్టు డబ్బాని ఆనుకుని, మరొకరి పచ్చిక మీద ఒక చక్రం ఎక్కించి పెట్టేవారు. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? ఆ చర్చి ఆఫీసు చూసుకునే ఆవిడ, నవ్వు చెదరకుండానే, చివరి మాట చెప్పేసింది. క్రిస్మస్ లోపల కార్లు తగ్గించుకోండి, లేకపోతే మీకు సరిపడే చోటు వేరే చూసుకోండి అంది.

అందరికీ అది పార్కింగ్ గొడవ. పర్సిస్‌కి మాత్రం అది వాళ్ళమ్మ కాళ్ళ గొడవ.

వాళ్ళమ్మ కరుణమ్మ చీరాల మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. డెబ్భై దాటినా నడక తగ్గలేదు. ఏటా ఆర్నెల్లు కూతురి దగ్గర ఉండి వెళ్తుంది. ఇదివరకు పర్సిస్ వాళ్ళు చర్చికి దూరంగా కాపెల్ ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడకి ఆ ఆర్నెల్లూ జైలే. ఎక్కడికి వెళ్ళాలన్నా ఒకరు కారు తియ్యాలి, ఒకరు ఎక్కించాలి, ఒకరు దింపాలి. "కాళ్ళుండి కుంటిదాన్నైపోయానే" అని నవ్వుతూనే అనేది గాని, ఆ నవ్వులో నవ్వు ఉండేది కాదు. అందుకే ఇల్లు మారేటప్పుడు పర్సిస్ పట్టుబట్టి, చర్చికి నడిచి వెళ్ళగలిగినంత దగ్గర్లో ఈ ఇల్లు కొనిపించింది. బుధవారం వచ్చిందంటే కరుణమ్మ తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని, బైబిలు సంచి భుజాన తగిలించుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా గడప దాటేది. దారిలో కుక్కని తిప్పే తెల్లాయనకి గుడ్ మార్నింగ్ చెప్పేది. ఆయన పేరు ఆవిడకి తెలియదు, ఈవిడ పేరు ఆయనకి నోరు తిరగదు. అయినా ఒక బుధవారం ఆవిడ కనిపించకపోతే ఆయన మరుసటి వారం ఆగి అడిగాడు. అమెరికా మొత్తం మీద కరుణమ్మ తనంతట తాను వెళ్ళగలిగే చోటు ఆ హాలు ఒక్కటే. అది పోతే ఆవిడ మళ్ళీ సోఫాకి వచ్చి పడుతుంది. పర్సిస్ భయమల్లా అదే.

అలాగని పర్సిస్‌కి కార్లంటే మొదటినుంచీ పగ అనుకుంటే పొరపాటే. పెళ్ళై ఈ దేశం వచ్చిన కొత్తలో ఆమెకు ఉద్యోగం చేసే వీసా లేదు. ఉన్న ఒక్క కారూ భర్త నోయెల్ ఆఫీసుకి తీసుకుపోయేవాడు. నాలుగు గోడల మధ్య కూర్చుని గోడల్నే లెక్కపెట్టిన కాలం అది. డ్రైవింగ్ టెస్టులో మాటిమాటికీ ఫెయిలైంది. మొగుడి దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడమంత పాపం ఇంకోటి లేదని అప్పుడే తెలుసుకుంది. చివరికి లైసెన్సు వచ్చిన రోజు ఒక్కతే ఇండియన్ స్టోర్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళి, దోసకాయలు కొనకుండానే కారులో కూర్చుని ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ తర్వాత కూతురు పుట్టడం, స్కూలు, ఈత, పియానో, డాక్టరు, ఆఫీసు, మళ్ళీ స్కూలు. స్వేచ్ఛ అనుకున్నది కాస్తా జీతం లేని ఉద్యోగమై కూర్చుంది. కూతురు కాలేజీకి వెళ్ళిపోయాక ఒకరోజు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చూసుకుంటే, తన నడివయసంతా ఈ సీట్లోనే గడిచిందని అర్థమైంది. కాబట్టి కారు తగ్గించుకోమని ఇంకొకరికి చెప్పేటప్పుడు తాను ఏం అడుగుతోందో ఆమెకు బాగానే తెలుసు.

ఆగస్టులో ఒక ఆదివారం ప్రకటనల సమయంలో ఆమె మైకు తీసుకుంది.

"ప్రైజ్ ద లార్డ్ అండీ. మనం ఉన్న పరిస్థితి మీకు తెలుసు. ఊళ్ళో సిటీ బస్సు లేదు, అది మన చేతిలో లేదు. కానీ ఒకే వీధిలో ఉన్నవాళ్ళం ఒకే కార్లో రావచ్చు. దగ్గర్లో ఉన్నవాళ్ళం నడవొచ్చు, సైకిలెక్కొచ్చు. ఎండాకాలం గాలి బాగాలేదు, పిల్లల్ని బయటికి పంపొద్దని ఫోన్లో అలర్ట్స్ వస్తున్నాయి కదా. ఆ గాలిని పాడు చేస్తోంది ఎవరో కాదండీ, మనమే."

హాలంతా చప్పట్లు కొట్టింది. భలే చెప్పావమ్మా అని పెద్దలు తలలూపారు. ఒకాయన వీడియో కూడా తీశాడు. ఆ మరుసటి ఆదివారం ముందటి వారం కన్నా ఎక్కువ కార్లు వచ్చాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం చప్పట్లు కొట్టడు. వీళ్ళు చప్పట్లు కొట్టి మరీ వినలేదు.

అయినా ఆమె వదల్లేదు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళలో ఉంటున్న రెండు కుటుంబాలను బతిమాలి, వంతులేసుకుని ఒక కారులో రావడానికి ఒప్పించింది. రెండు వారాలు బ్రహ్మాండంగా జరిగింది. మూడో వారం చెడింది. గొడవ రావడంలో రాలేదు, పోవడంలో వచ్చింది. మనవాళ్ళ వీడ్కోలు సంగతి తెలియనిదేముంది! ఆశీర్వాదం అయ్యాక హాల్లో ఒకసారి, టీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి, కారు డోరు పట్టుకుని మరోసారి వెళ్ళొస్తామంటారు గాని వెళ్ళరు. ఒకావిడ కారు డోరు పట్టుకుని గోంగూర ఏ స్టోర్లో లేతగా దొరుకుతుందో వివరిస్తుంటే, రెండో ఇంటాయన వెనక సీట్లో కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైపోయిందని పళ్ళు నూరాడు. ఆ వారం తర్వాత ఎవరి కారు వాళ్ళదే. ఆదివారం వస్తే ఎదురిళ్ళవాళ్ళు చెయ్యూపుకుంటూ రెండు కార్లలో బయలుదేరేవారు.

"మనమే ముందు చేసి చూపిద్దామండీ. రెండో కారు అమ్మేద్దాం" అంది పర్సిస్ ఒకరోజు భోజనాల దగ్గర.

నోయెల్ ముద్ద నోటి దగ్గరే ఆపాడు. అతను సంఘంలో సౌండ్ సిస్టమ్ చూసుకుంటాడు, అందరికన్నా ముందు వెళ్ళాలి. "మరి నేనెలా వెళ్ళేది?"

"అబ్రహాం అంకుల్ వాళ్ళు పెందలాడే మన వీధి మీదుగానే పోతారుగా. వాళ్ళతో వెళ్ళండి. నేనూ అమ్మా నడిచొస్తాం. ఉన్న కారు మీ ఆఫీసుకే, చర్చికి తేవద్దు. నేను వారంలో రెండ్రోజులే కదా ఆఫీస్‌కి వెళ్ళేది, ఆ రెండ్రోజులూ మీరే డ్రాప్ చెయ్యండి."

"జనం ఏమనుకుంటారే?"

"ఏమనుకుంటారు? కాస్త బుద్ధి తెచ్చుకుంటారు."

ఇక్కడే ఆమె లెక్క తప్పింది. మన జనం ఏమనుకుంటారో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ముందు చెప్పలేరు.

కారు అమ్మారు. ఆదివారం ఎండలో తల్లీకూతుళ్ళు చెరో గొడుగూ వేసుకుని చర్చికి నడిచి వస్తుంటే, పక్కనుంచి ఏసీ కార్లు ఒకదాని తర్వాత ఒకటి వేగం తగ్గించి, అద్దాల్లోంచి చూసి, మళ్ళీ వేగం పెంచుకుని పోయాయి. నోయెల్ కేబుల్ వైర్లు ఒళ్ళో పెట్టుకుని అబ్రహాం గారి బండి వెనక సీట్లో వచ్చి దిగాడు. సెలవు పెట్టిన ఒక బుధవారం పర్సిస్ సల్వార్ పైకి మడిచి సైకిలు మీద ప్రార్థనకు వెళ్ళింది. అందరూ ఆమెను పలకరించారు. పలకరింపుల్లో ఏదో కొత్త మెత్తదనం ఉంది. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి, జవాబు వినకుండానే భుజం మీద చెయ్యివేసి నొక్కుతున్నారు. తన మాట పనిచేస్తోందనుకుని ఆమె మురిసిపోయింది.

ఆ వచ్చే ఆదివారం సంగతి తేలింది. సంఘపెద్ద అబ్రహాం గారు ప్రార్థన చేయడానికి లేచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. రోగులకోసం చేశారు, వీసాలు ఆగినవాళ్ళకోసం చేశారు, ఆ తర్వాత గొంతు తగ్గించారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మా ప్రియ సహోదరుడు నోయెల్ కుటుంబం పడుతున్న శ్రమ నీకు మరుగైనది కాదు. ఉన్న వాహనాన్ని సైతం అమ్ముకుని, వృద్ధురాలైన తల్లిని ఎండలో నడిపించుకుంటూ నీ సన్నిధికి వస్తున్నారు తండ్రీ. వారు కోల్పోయిన దానికి రెండింతలుగా దయచేయుము."

పర్సిస్ కళ్ళు తెరిచింది. చుట్టూ అందరి కళ్ళూ మూసే ఉన్నాయి, ఒకరిద్దరి కళ్ళు తడిగా కూడా ఉన్నాయి. రెండింతలంటే, ఒక కారు వదిలించుకున్నందుకు దేవుడు రెండు కార్లు ఇవ్వాలన్నమాట! సౌండ్ బోర్డు దగ్గర నోయెల్ తల వంచుకుని ఏవో మీటలు అటూ ఇటూ జరుపుతున్నాడు. కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. లేచి అరుద్దామంటే అది ప్రార్థన. ప్రార్థన మధ్యలో అడ్డు చెప్పడం ఏ సంఘంలోనూ లేదు.

ఆ సాయంత్రానికి వాళ్ళింటి ముందు కార్లు బారులు తీరాయి. చికెన్ కూరతో ఒకరు, సోనామసూరి బస్తాతో ఒకరు, నోయెల్ రెజ్యూమే తీసుకెళ్ళడానికి ఒకరు వచ్చారు. ఒకే వీధినుంచి వచ్చిన ఆ ఎదురిళ్ళవాళ్ళు కూడా వచ్చారు, పప్పు ఒక కారులో, పెరుగు ఒక కారులో పెట్టుకుని. అబ్రహాం గారి భార్య గ్రేస్ ఆంటీ సోఫాలో పర్సిస్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆంటీ, ఎవరి ఉద్యోగమూ పోలేదు. కావాలనే అమ్మాం. నేను మైకులో చెప్పాను కదా" అంది పర్సిస్.

"అవునమ్మా, పైకి అలాగే అనాలి. పరువుగా బతికినవాళ్ళం."

"అయ్యో, నిజంగా ఆంటీ! ఆయన్ని అడగండి."

"ఇందాకే అడిగానమ్మా. ఏమీ లేదాంటీ అంటూ మొహం తిప్పుకున్నాడు పాపం. మగాడు కదా, లోపలే కుమిలిపోతాడు. నువ్వైనా ధైర్యంగా ఉండు."

ఎంత కాదంటే అంత అవుననుకుంటున్నారు. ఊబిలో దిగినవాడు కాళ్ళు కొట్టుకున్నట్టయింది ఆమె పని. చివరికి ఒక దారి దొరికిందనుకుని అంది, "సరే ఆంటీ, మీరందరూ మాకు రైడ్ ఇస్తామంటున్నారు కదా. ఆ రైడేదో మీ పక్కింటి వాళ్ళకి ఇవ్వండి. మీ రెండిళ్ళకీ కలిపి ఒక కారు తగ్గుతుంది."

గ్రేస్ ఆంటీ నిజంగానే ఆశ్చర్యపోయింది. "వాళ్ళకేం ఖర్మమ్మా? వాళ్ళకి రెండు కార్లున్నాయి!"

అందరూ వెళ్ళిపోయాక ఫ్రిజ్‌లో పట్టని కూర గిన్నెలు సర్దుతూ పర్సిస్ గిన్నెల మీద విసుగంతా చూపించింది. "ఇవ్వమంటే అందరూ చెయ్యి ఎత్తుతారు. ఎక్కమంటే ఒక్కరూ ఎక్కరు. అందరూ ఇచ్చేవాళ్ళే అయితే పుచ్చుకునేవాళ్ళెవరండీ? ఏం మనుషులు వీళ్ళు!"

నోయెల్ ఒక గిన్నె మీద మూత పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీకు గుర్తులేదా? వచ్చిన మొదటి నెలంతా మనం రైడ్లు అడుక్కునే బతికాం. పాలకి అడిగాం, డాక్టర్ దగ్గరికి అడిగాం. ఒకాయన మనల్ని ఎక్కించుకున్న ప్రతిసారీ కార్లో పోసే గ్యాస్ రేటు గురించి మాట్లాడేవాడు. ఇక జన్మలో ఎవర్నీ రైడ్ అడగకూడదని మొదటి జీతంతో కారు కొన్నాను. ఇక్కడ ప్రతివాడి కథా అదే. మళ్ళీ అడగమంటే ఎవడు అడుగుతాడు చెప్పు? అంతెందుకు, అబ్రహాం అంకుల్ బండి ఎక్కుతుంటే నాకే చచ్చినంత పనవుతోంది."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ జనాన్ని తిట్టుకుంది గాని, తన ఇంట్లో మనిషే వారం వారం సిగ్గుతో చస్తున్నాడని చూడలేదు. చూశాక కూడా ఏం చెయ్యాలో తోచలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు ఆమె నడుస్తూనే ఉంది, నారింజ జాకెట్టు వేసుకుని కార్లకు దారి చూపిస్తూనే ఉంది, పక్క వీధుల్లో పచ్చిక నలుగుతూనే ఉంది. పాటల ప్రాక్టీసును ఆరాధన తర్వాతికి మార్చండి, ఇంటికో కారు దానంతటదే తగ్గుతుందని పాస్టర్ గారికి చెప్పి చూసింది. ప్రార్థన చేద్దామమ్మా అన్నారాయన. అంటే కాదని అర్థం.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ ముందు ఆదివారం అబ్రహాం గారు వెలిగిపోతున్న మొహంతో మైకు దగ్గరికి వచ్చారు. ఉత్తరాన టోలు రోడ్డు చివర, ఊరు దాటాక, ఒక గిడ్డంగి అద్దెకు దొరికిందట. పెద్ద హాలు. అంతకన్నా పెద్ద పార్కింగ్.

"ఎన్ని కార్లైనా పెట్టుకోవచ్చు! మన పర్సిస్ సిస్టర్ ఈ పార్కింగ్ భారాన్ని ఎంతో మోసింది. దేవుడు ఆమె మొర ఆలకించాడు."

హల్లెలూయా అని హాలు దద్దరిల్లింది. పర్సిస్ లేచి నిలబడింది.

"అంకుల్, నేను మొరపెట్టింది కార్లు తగ్గాలని. ఎక్కువ పెట్టుకోవాలని కాదు. ఇంతమందిమి ఇంతింత దూరం ఇంకా ఎక్కువ డ్రైవ్ చేసుకుంటూ పోతామా? పది కార్లు తగ్గించుకుంటే ఇక్కడే ఉండొచ్చే! మా అమ్మ ఇక్కడికి నడిచి వస్తుంది. అక్కడికి ఎలా వస్తుంది?"

హాల్లో నలుమూలలా చేతులు లేచాయి. "మేం రైడ్ ఇస్తాం! అమ్మగారికి మేం ఇస్తాం!" అని పోటీలు పడ్డారు. పాపం, వాళ్ళ మనసుల్లో కల్మషం లేదు. ఉంటే బాగుండేది, వాళ్ళమీద హాయిగా కోపం తెచ్చుకునేది. అడగాల్సిన అవసరమే లేని మనిషిని అడిగే మనిషిని చేసి, ఆ తర్వాత ఆమెకు దానం చేయడానికి చేతులెత్తుతున్నారు. పర్సిస్‌కి ఏడుపొచ్చింది. ఆ ఏడుపును కూడా కృతజ్ఞత అనుకుని పక్కనున్నావిడ టిష్యూ అందించింది.

అబ్రహాం గారు అక్కడితో ఆగలేదు. వాళ్ళింట్లో పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పక్కన పెట్టేసిన వ్యాన్ ఒకటుంది. దాని తాళం అందరి ముందూ నోయెల్ చేతిలో పెట్టారు. నోయెల్ కాదనలేదు. కొత్త హాలు అంత దూరంలో ఉంటే అతను ముందే వెళ్ళి వైర్లు కలపాలి, తల్లీకూతుళ్ళకి వెనక రావడానికి ఇంకో బండి కావాలి, ఎలా కాదంటాడు? ఆ రాత్రి పర్సిస్ మొగుడితో అన్నది ఒక్కటే. తిరిగిచ్చెయ్యండి అంది.

"ఉంచండి లెండి. ఇప్పుడు వద్దంటే పొగరంటారు" అంది కరుణమ్మ. "అయినా నాకు ఇంక రెణ్ణెల్లేగా, ఎలాగో గడిచిపోతాయ్."

గడిచిపోతాయన్న ఆ మాటే పర్సిస్‌కి మింగుడు పడలేదు. కిందటిసారి దాకా ఆవిడ అమెరికాలో గడిపింది. ఈసారే బతికింది.

చోటు మారింది. అంత దూరం పొద్దున్నే ఎవరొస్తారని స్త్రీల ప్రార్థన జూమ్‌లోకి మారింది. బుధవారం వస్తే కరుణమ్మ తెల్లచీర కట్టుకుని సోఫాలో కూర్చునేది. మనవరాలి పాత ఐప్యాడ్‌ని కాఫీ బల్లమీద నిలబెట్టుకుని, మ్యూట్ తియ్యడం రాక మనసులోనే ఆమెన్ అనుకునేది. అది అయిపోయాక కిటికీలోంచి కుక్కని తిప్పే తెల్లాయన పోతుంటే చెయ్యూపేది. ఆయన అద్దం వెనక ఉన్న ఆవిణ్ణి చూసేవాడు కాదు.

కొత్త హాల్లో మొదటి ఆదివారం ఆరాధన నిండుగా జరిగింది. పాటల తర్వాత సాక్ష్యాల సమయం. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరు లేచి చెప్తారు. గ్రీన్ కార్డు వచ్చినాయన చెప్పాడు, ఆపరేషన్ బాగా జరిగినావిడ చెప్పింది. అప్పుడు గ్రేస్ ఆంటీ వెనక్కి తిరిగి పర్సిస్‌ని మోచేత్తో పొడిచింది.

"లేమ్మా. కారు దొరికిన సాక్ష్యం చెప్పు. నీకోసం ఎంతమందిమి ప్రార్థించాం!"

మైకు చేతుల మీదుగా ఆమె దాకా వచ్చేసింది. పర్సిస్ లేచింది. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "మాకు ఏ కష్టమూ రాలేదండీ. మా కారు మేమే ఇష్టపడి అమ్ముకున్నాం. ఈ వ్యాన్ మేం అడగలేదు. మా అమ్మ తన కాళ్ళమీద తాను ప్రార్థనకి వెళ్ళేది. మనం ఇక్కడికి రావడం వల్ల ఆ నడక పోయింది. నేను చెప్పగల సాక్ష్యం ఇదొక్కటే."

ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఎవరికో అర్థమైందని పర్సిస్ అనుకుంది. అంతలో పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "ఎంతటి తగ్గింపు మనసు! మేలు పొంది కూడా తల్లిని తలుచుకుని బాధపడుతోంది. అమ్మగారి మోకాళ్ళ కోసం అందరం ఒక్క నిమిషం ప్రార్థిద్దాం" అన్నారు. కరుణమ్మ మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

భోజనాలయ్యాక చూస్తే కరుణమ్మ హాల్లో లేదు. పర్సిస్ కంగారుగా బయటికొచ్చింది. గిడ్డంగి ముందు పార్కింగ్ లాట్ మైదానమంత ఉంది. దాని అవతల హైవే, దాని పక్కన కాలిబాటన్నది లేదు. వాళ్ళ వ్యాన్ ఆ చివర ఎక్కడో ఉంది. గొడుగు వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని, కార్ల వరసల మధ్య కరుణమ్మ నడుస్తోంది. అటు చివరిదాకా పోయి, మలుపు తిరిగి, ఇటు వస్తోంది. నడుము నిటారుగా ఉంది.

"అమ్మా, ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదే. వారమంతా కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి. ఇక్కడ బోల్డంత చోటుందిగా" అని చెయ్యూపి ఆవిడ ముందుకు సాగింది.

అప్పటికే ఆరాధనకు వచ్చిన కార్లు ఇళ్ళకు బయలుదేరాయి. మొదటి కారు ఆవిడ పక్కన ఆగింది, అద్దం దిగింది. "అమ్మగారూ, ఎక్కండి, మీ వ్యాన్ దాకా దింపుతాం." ఆవిడ నవ్వి వద్దంది. అది కదిలేసరికి రెండోది ఆగింది. "ఎండలో ఎందుకండీ, రండి." వద్దు నాయనా అంది. మూడోదాన్లోంచి ఒకాయన దిగి వెనక డోరు తెరిచి పట్టుకున్నాడు. నాలుగోది గ్రేస్ ఆంటీ వాళ్ళది. ఆవిడ కారు దిగి, చెయ్యి పట్టుకుని, "మా మనసు నొప్పించకండి వదినగారూ" అంది.

కరుణమ్మ దూరంగా నిలబడ్డ కూతురి వైపు ఒకసారి చూసింది. తర్వాత గొడుగు మూసి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఎత్తైన ఆ బండిలోకి ఒకరి సాయంతో ఎక్కింది. ఏడు సీట్ల బండి లాట్ ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా వెళ్ళి, వ్యాన్ పక్కన ఆగి, ఆవిణ్ణి దింపింది. కరుణమ్మ అందరికీ చేతులు జోడించి థాంక్స్ చెప్పింది.

పర్సిస్ ఆ లాట్‌కి అడ్డంగా నడిచి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది. ఏదో అందామనుకుంది. కరుణమ్మ ఆమె మొహం చూడకుండా వ్యాన్ డోరు మీద చెయ్యి వేసి, "తాళం తియ్యవే, పోదాం" అంది.